కళ్లమును గాదెను ముందుగా కొలుచుకొనుడు: కంప్యూటరు ఆపరేటింగ్ సిస్టమును మార్చదలచిన సంఘములకు ఒక పాఠము



ఎరువుల మోతాదును గూర్చియు, విత్తనశుద్ధిని గూర్చియు వ్రాయు ఈ పుటలలో ఈ నెల కంప్యూటరును గూర్చి వ్రాయుచున్నాము. ఇది మన పొలమునకు దూరపు సంగతి కాదు. సభ్యుని వాటాధనము, పంటఋణము, వడ్డీ, వాయిదా, ఎరువుల అరువు మొదలగు లెక్కలన్నియు పూర్వము చిట్టా ఆవర్జాలలో నుండెడివి. నేడు అవి పెక్కు సంఘములలో యంత్రములోనికి చేరినవి. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును 2,516 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించినది. కావున యంత్రము చెడినచో నష్టపడువాడు గుమాస్తా యొక్కడే కాడు. ఋణపు పత్రము కొరకు వచ్చి వరండాలో కూర్చుండిన రైతు కూడ నష్టపడును.

యంత్రమును నడపు మూలవ్యవస్థకు ఆపరేటింగ్ సిస్టమని పేరు. మన కార్యాలయములలో ఎక్కువగా కనబడునది విండోస్. అందు విండోస్ 10 అనునది 2015 జూలై 29న వెలువడినది. 2025 అక్టోబరు 14తో దానికి మైక్రోసాఫ్టు కంపెనీవారు సామాన్యముగా నిచ్చు సహాయము ముగిసినది. ఆ దినముతో యంత్రములు ఆగిపోలేదు. కాని తరువాత బయటపడు లోపములకు మరమ్మతులు మామూలుగా రావు. ప్రత్యేకముగా నమోదు చేసికొన్న గృహయంత్రములకు 2026 అక్టోబరు 13 వరకును, రుసుము చెల్లించు సంస్థలకు 2028 అక్టోబరు వరకును రక్షణ మరమ్మతులు అందునట్లు కంపెనీవారు ఏర్పాటు చేసిరి. ఈ కారణముచేత విండోస్ 11కు మారవలెనను మాట పలు సంఘములలో వినవచ్చుచున్నది.

మారుట మంచిదే. కాని కొలత చూడక మారుట వలన రెండు విధములుగా నష్టము కలుగును. మొదటిది, పని సగములో నిలిచిపోయి లెక్కలకు ముప్పు వాటిల్లుట. రెండవది, అక్కఱలేని వస్తువును కొని సంఘపు సొమ్ము వ్యర్థపరచుట. ఈ రెండింటిని తప్పించుకొనుటకు కంప్యూటరు విద్యలో పాండిత్యము అక్కఱలేదు. ఏమి కొలువవలెనో తెలిసిన చాలును.

1. కొలతలు రెండు, ఒకటి కాదు

నూర్పుల కాలమున రైతునకు రెండు స్థలములు కావలయును. ఒకటి కళ్లము, రెండవది గాదె. కళ్లములో పనలు పరచి, త్రొక్కించి, తూర్పారబట్టుదురు. పని ముగిసిన పిమ్మట కళ్లము ఖాళీ యగును. గాదెలో పోసిన ధాన్యము నెలల తరబడి నిలిచియుండును. గాదె యెంత పెద్దదైనను కళ్లము ఇరుకైనచో నూర్పు సాగదు. కళ్లము విశాలమైనను గాదె నిండియున్నచో క్రొత్త పంటకు చోటుండదు.

కంప్యూటరులోను ఇట్లే రెండు స్థలములు కలవు. మెమరీ, లేక ర్యామ్, అనునది కళ్లము వంటిది. తెఱచిన లెక్కల పుస్తకము, వ్రాయుచున్న ఉత్తరము, చూచుచున్న పుట అన్నియు ఆ క్షణమున దానిమీదనే పరచబడి యుండును. యంత్రము నార్పగానే అది ఖాళీ యగును. స్టోరేజి యనునది గాదె. హార్డ్ డిస్కు గాని, ఎస్.ఎస్.డి. గాని ఈ గాదెయే. ఆపరేటింగ్ సిస్టమును, లెక్కలును, పత్రములును, ఛాయాచిత్రములును యంత్రము నార్పినను ఇందులో నిలిచియుండును.

రెండింటిని జి.బి. అను ఒకే మానముతో కొలుచుటచే పలువురు భ్రమపడుదురు. "మా యంత్రములో 500 జి.బి. ఉన్నది, ఇంకేమి లోటు?" అని యందురు. అది గాదె కొలత. దానివలన కళ్లపు వైశాల్యము తెలియదు. అమ్మకపువాడు "8 జి.బి." అనినపుడును, "256 జి.బి." అనినపుడును, అది ర్యామా, స్టోరేజియా యని వెంటనే అడుగవలెను.

విండోస్ 11కు కంపెనీవారు నిర్ణయించిన కనీసపు కొలతలు ఇవి: ర్యామ్ 4 జి.బి.; స్టోరేజి 64 జి.బి. పరిమాణముగల డిస్కు. కనీసమనగా యంత్రము ప్రారంభమగుటకు చాలిన కొలత యని గ్రహింపవలెను. ఎద్దు నిలువబడుటకు చాలిన చోటు వేఱు, అది తిరిగి నూర్చుటకు చాలిన చోటు వేఱు.

2. కళ్లమును కొలుచు విధము

కీబోర్డుమీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అను మూడు మీటలను ఒక్కసారి నొక్కినచో టాస్క్ మేనేజర్ అను కిటికీ తెఱచుకొనును. అది చిన్నదిగా కనబడినచో అడుగున నున్న మోర్ డీటెయిల్స్ అను మాటపై నొక్కవలెను. పిమ్మట పర్ఫార్మెన్స్ అను విభాగములో మెమరీ యను పేరుపై నొక్కినచో మనకు కావలసిన లెక్కలు కనబడును. మొత్తము ర్యామ్ ఎంత, ఇప్పుడు వాడుకలో నున్నది ఎంత, మిగిలినది ఎంత, ర్యామ్ బిళ్లలు అమర్చు గూళ్లు ఎన్ని, వాటిలో నిండినవి ఎన్ని యనునవి అందుండును. ఈ అంకెలను కాగితముమీద వ్రాసికొనుడు.

ఇచ్చట ఒక ముఖ్యవిషయము. ఉదయమున యంత్రమును తెఱచిన వెంటనే చూచినచో కళ్లము విశాలముగనే కనబడును. ఋణముల పంపకపు దినమున, లెక్కల పుట, అచ్చుయంత్రము, వ్రేలిముద్ర యంత్రము, ఉత్తరముల పుట అన్నియు తెఱచియున్న వేళ చూడవలెను. కోత లేని వేసవిలో కళ్లమును చూచి చాలునని తలచు రైతు లేడు గదా. 4 జి.బి. గల యంత్రములో అట్టి వేళ 3.4 జి.బి. వాడుకలో నున్నట్లు కనబడినచో, ఆ కళ్లము ఇప్పటికే ఇరుకని తెలిసికొనవలెను. దానిపై క్రొత్త సిస్టమును ఎక్కించినచో భారము పెరుగునే గాని తగ్గదు.

కళ్లము నిండినపుడు యంత్రము ఏమి చేయునో తెలిసికొనుట మంచిది. అప్పుడు పని అవసరము లేని పనలను తాత్కాలికముగా గాదెలోనికి మోసి, కావలసినపుడు మఱల తెచ్చుకొనును. ఈ రాకపోకల వలన పని మందగించును. గాదె హార్డ్ డిస్కైనచో ఆలస్యము మఱింత హెచ్చు. ఏలయనగా దానిలో తిరుగు పళ్లెములు, కదలు సూది కలవు. ఎస్.ఎస్.డి.లో కదలు భాగములు లేవు గనుక అది బహువేగముగా పనిచేయును. అయినను ఎంతటి వేగముగల గాదెయు కళ్లమునకు సాటిరాదు. సంఘపు పనులకు 8 జి.బి. ర్యామ్ ఉండుట మంచిదని మా సలహా.

మఱియొక సంగతి. కొన్ని పాత యంత్రములలో 32 బిట్ల విండోస్ ఉండును. సెట్టింగ్స్‌లో సిస్టమ్ అను విభాగమున అబౌట్ అను పుటలో సిస్టమ్ టైప్ అనుచోట ఇది తెలియును. 32 బిట్ల విండోస్ 10కు 4 జి.బి.ని మించిన ర్యామ్ ఉపయోగపడదు. అట్టి యంత్రములో మఱియొక బిళ్లను అమర్చినను ఆ సొమ్ము, సిస్టము మారువఱకు, నీటిపాలైనట్లే. విండోస్ 11 అన్ననో 64 బిట్లది మాత్రమే కలదు. 32 బిట్ల దానినుండి 64 బిట్ల దానికి ఉన్నచోటనే మారుటకు వీలులేదు; పాతదానిని తుడిచి క్రొత్తగా వేయవలెను. ఆ మాట వినబడగానే నకలు సంగతి జ్ఞప్తికి రావలెను. దానిని ముందు చెప్పెదము.

ర్యామ్ బిళ్లలు కొనబోవునపుడు పరిమాణము చెప్పిన చాలదు. డి.డి.ఆర్. 3, డి.డి.ఆర్. 4, డి.డి.ఆర్. 5 అను జాతులు కలవు. ఒక జాతి బిళ్ల మఱియొక జాతి గూటిలో కుదురదు. పెట్టెలోని బిళ్లను చూపించి, అట్టిదానినే అడుగవలెను.

3. గాదెను కొలుచు విధము

దిస్ పి.సి. అను బొమ్మను తెఱచినచో సి, డి మొదలగు అఱలు కనబడును. విండోస్ సాధారణముగా సి అను అఱలో నుండును. కావున క్రొత్త సిస్టమునకు చోటు చూడవలసినది సి అఱలోనే. డి అఱలో 300 జి.బి. ఖాళీ యున్నను, సి అఱలో 6 జి.బి. మాత్రమే మిగిలియున్నచో పని సాగదు. "డిస్కు సగము ఖాళీగానే యున్నది, ఎందుకు చోటులేదనుచున్నది?" అను ప్రశ్నకు తఱచుగా ఇదియే సమాధానము.

అట్టపెట్టెమీద 500 జి.బి. అని యుండి, తెరపై 465 అని కనబడినచో దుకాణదారుడు మోసగించెనని తలపకుడు. డిస్కు చేయువారు వేయింటికి ఒక లెక్కగా కొలుతురు. విండోస్ 1,024కు ఒక లెక్కగా కొలుచును. ఊరూరికి కుంచము భేదించినట్లు ఇది మానముల భేదమే. ఆ రీతిగనే 256 జి.బి. డిస్కు 238గా కనబడును.

64 జి.బి. అను నియమము డిస్కు మొత్తపు పరిమాణమును గూర్చినది. మార్పు జరుగునపుడు కావలసిన ఖాళీ వేఱు. పాత యింటిని కూల్చకయే దాని ప్రక్కన క్రొత్త యిల్లు కట్టువానికి కలపకును, సున్నమునకును, కూలీలకును కూడ స్థలము కావలసినట్లు, సిస్టమును మార్చు సమయమున మూడు వస్తువులకు చోటు కావలెను: ఇంటర్నెట్టు ద్వారా దిగుమతియగు క్రొత్త సిస్టపు సరుకు, దానిని విప్పి అమర్చు పనిచోటు, మఱియు పాత సిస్టము. మార్పు ముగిసిన పిమ్మట విండోస్ పాతదానిని ఒక సంచిలో నుంచి పది దినములు కాపాడును. క్రొత్తది నచ్చకున్నను, ఏ యంత్రమైనను దానితో పనిచేయకున్నను, ఆ పది దినములలో వెనుకకు మరలవచ్చును. ఆ సంచి 10 జి.బి.ని మించి యుండుట సామాన్యము. ఇవన్నియు లెక్కించి, సి అఱలో 40 జి.బి.కి తక్కువ కాకుండ ఖాళీ యుంచుకొని పని మొదలుపెట్టుడని మేము చెప్పుదుము.

పరిమాణముతోపాటు గాదె దృఢత్వమును కూడ చూడవలెను. చెదలు తినిన గాదెలో ఎవడును పంట పోయడు. దిస్ పి.సి.లో సి అఱపై కుడిమీట నొక్కి, ప్రాపర్టీస్ లోని టూల్స్ అను విభాగమున చెక్ అను మీట కలదు. అది తప్పులను వెదకును. డిస్కు టిక్కుటిక్కుమని చప్పుడు చేయుచున్నను, పత్రములు తెఱచుకొనక మాటిమాటికి నిలిచిపోవుచున్నను, సిస్టము మార్పును కట్టిపెట్టి ముందుగా నకలు తీసికొనుడు. ర్యామ్‌ను పరీక్షించుటకు విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ అను సాధనము విండోస్‌లోనే కలదు. వెదకు పెట్టెలో ఆ పేరు వ్రాసినచో అది దొరకును. యంత్రము ఒకసారి ఆగి, తిరిగి లేచుచు పరీక్ష చేయును. కారణము తెలియక తఱచు నీలితెర చూపి నిలిచిపోవు యంత్రమునకు ఈ పరీక్ష తప్పక చేయవలెను.

4. గాదెను ఖాళీచేయుటలో జాగ్రత్త

సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్ అను క్రమమున పోయినచో ఏ వస్తువు ఎంత చోటు ఆక్రమించినదో తెలియును. అందు టెంపరరీ ఫైల్స్ అనునవి తాలు వంటివి; వానిని తీసివేయవచ్చును. చెత్తబుట్ట యగు రీసైకిల్ బిన్‌ను ఒకసారి చూచి ఖాళీచేయవచ్చును.

అయితే ఆ జాబితాలోనే డౌన్‌లోడ్స్ అను పేరు కూడ నుండును. తాలుతోపాటు దానికిని గుర్తు పెట్టినచో, బ్యాంకునుండి వచ్చిన పట్టికలు, సభ్యులు పంపిన పత్రములు పోవును. ఆ సంచిని తెఱచి, ఒక్కొక్కటి చూచి, కావలసినవానిని వేఱుచోట నుంచిన తరువాతనే మిగిలినవానిని తీయవలెను. విత్తనపు గింజలను తాలుతో కలిపి ఊడ్చివేయు రైతు లేడు గదా.

తెరమీద కనబడు డెస్క్‌టాప్ అనునది సాధారణముగా సి అఱలోనిదే. గుమాస్తాలు సౌకర్యము కొరకు ముఖ్యమైన పట్టికలన్నిటిని అచ్చటనే పెట్టుదురు. సభ్యుల పాసుపుస్తకముల నకళ్లు, మహాజనసభల ఛాయాచిత్రములు వంటి బరువైన వస్తువులను డి అఱకు మార్చినచో సి అఱలో చోటు కలుగును. కాని లెక్కల సాఫ్ట్‌వేరుకు చెందిన సంచులను చేతితో కదపరాదు. అవి చోటు మారినచో సాఫ్ట్‌వేరునకు లెక్కలు కనబడకపోవచ్చును. అఱల సరిహద్దులను జరుపుట కూడ నకలు లేకుండ చేయదగని పని.

5. కొలతలు సరిపోయినను అడ్డువచ్చునవి

కళ్లము, గాదె చాలినంత మాత్రమున విండోస్ 11 ప్రతి యంత్రములోను దిగదు. ప్రాసెసరు కంపెనీవారు అంగీకరించిన జాబితాలో నుండవలెను. ఇంటెల్ కోర్ జాతిలో సామాన్యముగా ఎనిమిదవ తరమును, అంతకు తరువాతివియు ఆ జాబితాలో కలవు. టి.పి.ఎం. 2.0 అను రక్షణ సాధనమును, సెక్యూర్ బూట్ అను సౌకర్యమును కూడ నుండవలెను. టి.పి.ఎం. కొన్ని యంత్రములలో నుండియు నిద్రించుచుండును. తెలిసినవాడు దానిని మేల్కొలుపగలడు. పి.సి. హెల్త్ చెక్ అను పేరుగల మైక్రోసాఫ్టువారి ఉచిత సాధనము ఈ నియమములన్నిటిని పరీక్షించి, ఏది లోపించినదో చెప్పును. డబ్బు ఖర్చు పెట్టుటకు ముందు ఈ పరీక్షయే జరుగవలెను.

కొందఱు మెకానిక్కులు ఈ నియమములను తప్పించి అడ్డదారిని సిస్టమును ఎక్కింతురు. అట్టి యంత్రములకు తరువాతి మరమ్మతులు అందునని హామీ లేదని కంపెనీవారు చెప్పియున్నారు. మరమ్మతుల కొరకే గదా మనము మారుచున్నది. ఇంటియందు ఆటలాడుకొను యంత్రముతో ఎవరేమి చేసికొనినను చేసికొనవచ్చును. పదిమంది సొమ్ము లెక్కలున్న యంత్రములో ఈ పని తగదు.

6. రెండు యంత్రముల లెక్క

విషయము స్పష్టమగుటకు రెండు యంత్రములను ఊహించి లెక్క కట్టుదము.

మొదటి యంత్రము. 64 బిట్ల విండోస్ 10, ఎనిమిదవ తరపు ప్రాసెసరు, టి.పి.ఎం. కలవు. ర్యామ్ 4 జి.బి.; రెండు గూళ్లలో ఒకటి ఖాళీ. సి అఱ 100 జి.బి.; అందు ఖాళీ 11. డి అఱలో ఖాళీ 300. చూచినంతనే "ఇది పనికిరాదు, క్రొత్తది కొనుడు" అని చెప్పువాడు దొరకును. లెక్క చూడుడు. డెస్క్‌టాప్‌మీది పత్రముల నకళ్లు 22 జి.బి. డి అఱకు పోయినవి. ఖాళీ 33 అయినది. తాలు 9 జి.బి. తీసివేసినచో 42 అయినది. ఖాళీ గూటిలో అదే జాతి 4 జి.బి. బిళ్లను అమర్చినచో ర్యామ్ 8 అగును. ఒక్క బిళ్ల ఖరీదుతో పని నెరవేరినది. సంఘమునకు శక్తి యున్నచో హార్డ్ డిస్కునకు మారుగా ఎస్.ఎస్.డి. వేసికొనుట మఱియు శ్రేయస్కరము.

రెండవ యంత్రము. ర్యామ్ 8 జి.బి.; డిస్కు 1,000 జి.బి., అందు సగము ఖాళీ. చూచుటకు భేషైనది. కాని ప్రాసెసరు నాలుగవ తరముది, టి.పి.ఎం. 2.0 లేదు. దీనికి ఇంకొక 8 జి.బి. ర్యామ్ వేసినను విండోస్ 11 న్యాయముగా దిగదు. దానికి పెట్టిన ప్రతి రూపాయయు ఈ ప్రయోజనమునకు దండుగయే. ఇట్టిదానికి మార్గములు మూడు: గడువు వఱకు రక్షణ మరమ్మతులను పొందుట, యంత్రమును మార్చుట, లేక లినక్స్ జాతి సిస్టమును వేయుట. 2024లో వెలువడిన ఉబుంటు 24.04కు 4 జి.బి. ర్యామ్, 25 జి.బి. స్థలము కావలెను. లినక్స్ మింట్ 2 జి.బి. ర్యామ్‌తో నడచును, 4 ఉన్న సుఖముగా నడచును. ఇవి ఉచితముగా లభించును. కాని సంఘపు సాఫ్ట్‌వేరు, అచ్చుయంత్రము, వ్రేలిముద్ర యంత్రము వానితో పనిచేయునో లేదో ముందుగా పరీక్షించి తెలిసికొనవలెను.

ఈ రెండింటిలో బాహ్యముగా హీనమైనది మేలైనదిగా తేలినది. మేలైనదిగా కనబడినది మారుటకు తగనిదాయెను. కొలుచుకొనినవానికే ఈ భేదము తెలియును.

7. నకలు లేనిదే చేయి వేయకుడు

సిస్టమును మార్చు విధములు రెండు. ఒకటి, ఉన్న పత్రములను, సాఫ్ట్‌వేరులను నిలిపి పైన మార్చుట. రెండవది, అంతయు తుడిచి క్రొత్తగా వేయుట. మెకానిక్కునకు రెండవది సులభము. సంఘమునకు అది ప్రమాదము. కావున "ఏ విధముగా మార్చెదవు?" అను ప్రశ్న వేసి, సమాధానమును వ్రాతమూలముగా తీసికొనుడు.

ఏ విధమైనను ముందుగా నకలు ఉండవలెను. జాతీయ సాఫ్ట్‌వేరులో నడచు సంఘముల ముఖ్యపు లెక్కలు దూరపు సర్వరులో నుండును. అట్లయినను పాత సంవత్సరముల పట్టికలు, తీర్మానముల ప్రతులు, ఎరువుల నిలువ లెక్కలు, ఉత్తరములు యంత్రములోనే యుండును. వానిని బయటి డిస్కులు రెండింటిలో నకలు తీసి, ఒకదానిని కార్యాలయమున, రెండవదానిని వేఱొక భద్రమైన చోట నుంచవలెను. రెండు గాదెలు ఒకే కప్పు క్రింద నున్నచో నిప్పు రెండింటిని కాల్చును. నకలు తీసిన పిమ్మట వేఱొక యంత్రములో దానిని తెఱచి, నాలుగైదు పత్రములను చదివి చూడవలెను. మొలక పరీక్ష చేయని విత్తనమును, తెఱచి చూడని నకలును నమ్మరాదు.

బిట్‌లాకర్ అను తాళము వేయబడిన యంత్రమైనచో, దాని రికవరీ కీ యను సంఖ్యను ముందుగా వ్రాసి భద్రపరచవలెను. అది లేనిచో మార్పు మధ్యలో యంత్రము ఆ సంఖ్యనడిగినపుడు మన లెక్కలు మనకే అందవు. పథకము క్రింద వచ్చిన యంత్రమైనచో ఇచ్చినవారి అనుమతి లేక సిస్టమును మార్చరాదు.

8. దినము, కరెంటు

ఋణముల పంపకపు వారమునను, ఆడిటు సమయమునను, సంవత్సరాంతపు మార్చి నెలలోను ఈ పని పెట్టుకొనరాదు. పని తక్కువైన కాలమున, మఱుసటి దినము సెలవుండునట్లు చూచుకొని మొదలుపెట్టుడు. దిగుమతి అనేక జి.బి.ల పరిమాణము గలది. ఫోను ఇంటర్నెట్టుతో చేయువారు రోజువారీ పరిమితిని చూచుకొనవలెను. మార్పు గంటల తరబడి సాగవచ్చును. ఆ మధ్య కరెంటు పోయినచో సిస్టము పాడగు అవకాశము కలదు. యు.పి.ఎస్. బ్యాటరీ ఎన్ని నిమిషములు నిలుచునో ముందే పరీక్షింపుడు. పది నిమిషములు మాత్రమే నిలుచు బ్యాటరీని నమ్మి గంటల పనికి దిగరాదు. జనరేటరు నేర్పాటు చేసికొనుడు, లేదా కరెంటు నిలకడగా నుండు వేళను ఎంచుకొనుడు.

9. పాలకవర్గము అడుగవలసిన ప్రశ్నలు

సభ్యులెల్లరు కంప్యూటరు నేర్చుకొనవలెనని మేము చెప్పము. కాని ఖర్చుకు తీర్మానము చేయు డైరెక్టరులు ఈ క్రింది ప్రశ్నలను అడిగి, సమాధానములను తీర్మాన పుస్తకములో వ్రాయింపవలెను.

ఒకటి: యంత్రములో ర్యామ్ ఎంత? పని ఎక్కువైన వేళ మిగులుచున్నది ఎంత? గూళ్లలో ఖాళీ కలదా?

రెండు: సి అఱలో ఖాళీ ఎంత? డిస్కు ఏ జాతిది? తప్పుల పరీక్ష జరిగినదా?

మూడు: పి.సి. హెల్త్ చెక్ ఏమి చెప్పినది?

నాలుగు: సంఘపు సాఫ్ట్‌వేరు, అచ్చుయంత్రము, వ్రేలిముద్ర యంత్రము క్రొత్త సిస్టముతో పనిచేయునని వాని సరఫరాదారులు చెప్పిరా?

అయిదు: నకళ్లు రెండు ఎచ్చటెచ్చట నున్నవి? వానిని తెఱచి చూచినవారెవరు? ఏ తేదీన?

ఆఱు: మార్పు విఫలమైనచో మఱునాడు రైతుల పని ఎట్లు సాగును?

ఈ ఆఱింటికి సమాధానములు దొరికినచో తీర్మానము చేయవచ్చును. ఏ ఒక్కదానికి దొరకకున్నను, దొరకువఱకు వాయిదా వేయుడు. సంఘపు నిధి చిన్నరైతులు దాచుకొన్న రూపాయలతో నేర్పడినది. ఆవర్జాలోని ప్రతి పంక్తి వెనుక ఒక కుటుంబపు అప్పో, పొదుపో యున్నది. ఒక పూట కూర్చుండి కాగితముమీద నాలుగంకెలు వ్రాసికొనుటచే ఆ రెండును కాపాడబడునెడల, ఆ పూటను తప్పక వెచ్చింపవలెను. వచ్చు మహాజనసభకు ముందే మీ కార్యదర్శితో కలిసి ఈ కొలతలను తీసికొని, సభ్యులకు వినిపింపుడు.